సుంకపుటింటికి ఆవల

తనది కాని తేరును ఏ పూటా తప్పక తోలే అనూరునికి, ఆ తేరెక్కి లోకాలను వెలిగించే వేల్పుకు ముందుగా మ్రొక్కి ఈ కథ చెబుతున్నాను. తొడలు లేకున్నా పగ్గాలు విడువని ఆ సారథి దయ, ఈ కథలోని సారథి మీద కూడా ప్రసరించిందని నా నమ్మకం.

రబ్బరు గొట్టం ఒక కొనను చెవిలో పెట్టుకొని, రెండవ కొనను కార్బురేటరు నోటి వద్ద పట్టి, సిరిల్ హాబ్డే కళ్ళు మూసుకొని వింటున్నాడు. ఇంజను ప్రక్కన కార్బురేటర్లు రెండు. రెండూ ఒకే పాటి గాలిని ఒకే శ్రుతిలో పీల్చాలి. ముందుది బుసకొడుతున్నది, వెనుకది గొణుగుతున్నది. మరను వెంట్రుకవాసి త్రిప్పి మళ్ళీ విన్నాడు. మరి కాస్త త్రిప్పాడు. జంట తంబురలు కలిసినట్లు రెండు ధ్వనులూ ఒక్కటయ్యాయి. గొట్టం తీసి, తన ఊపిరి కోసం గోడకు చేరగిలబడ్డాడు. ఆ ఊపిరిని సరిచేసే మర ఎక్కడా లేదు. గుండె అరిగిపోయిందని వైద్యుడు వసంతంలోనే చెప్పివేశాడు. ఇప్పుడు సెప్టెంబరు.

అబింగ్డన్ ఊరి మోటారు కార్ఖానాలో అతడు ముప్ఫై ఒక్క సంవత్సరాలు పరీక్ష డ్రైవరు. పైకప్పు లేని రెండు సీట్ల బండి తయారై రాగానే పడమటి బాటన ఏడు మైళ్ళు నడపాలి. పాత సుంకపుటింటి వద్ద మళ్ళించి తేవాలి. ఏ మూల ఏమి మ్రోగిందో చీటీ మీద వ్రాసి దిగిపోవాలి. రోజుకు పది బండ్లు. వాటిని ఎవరెవరో కొనుక్కొని కొండలకూ సముద్రాలకూ పోయేవారు. సిరిల్ సైకిలెక్కి ఇంటికి పోయేవాడు. 1961 మే నెలలో ఒక ఉదయం, ఏమి తోచిందో, సుంకపుటింటిని దాటి అర మైలు పోయాడు. తనిఖీదారు డెస్మండ్ పర్కిస్ అతన్ని అందరి ఎదుటా నిలబెట్టి, "బండి నీది కాదు, హాబ్డే. నీవి ఏడు మైళ్ళే" అన్నాడు. ఆ మాటకు సిరిల్ బదులు సిద్ధం కావడానికి ముప్ఫై ఏడేళ్ళు పట్టింది.

ఈలోగా కార్ఖానా మూతపడింది. నాలుగేళ్ళ క్రిందట, వాంటేజ్ దగ్గర ఒక రైతు కోళ్ళ కొట్టంలో, ఆ కార్ఖానాలోనే తయారైన ఈ బండి కంటబడింది. సీట్లలో పెట్టలు పొదుగుతున్నాయి. కాళ్ళ క్రింది చెక్క పలకలు పుచ్చిపోయాయి. తలుపుల క్రింది ఇనుము వేలితో పొడిస్తే బిస్కెట్టులా రాలింది. భార్య మేవిస్‌తో ఒక్క మాటయినా చెప్పక కొన్నాడు. అప్పటి నుండి గీకి, అతికి, కుట్టి, పచ్చరంగు ఏడు పూతలు పూసి, ఈ ఉదయానికి దానిని నిలబెట్టాడు.

మేవిస్ టీ తెచ్చింది. "ఆ కోళ్ళగూడుకి చేయించిన స్నానాల్లో సగం నువ్వు చేసుంటే, మన కాపురం ఇంకా బావుండేది."

"అది నన్ను తిట్టదు కదా, బంగారం."

"ఇంకా నోరు రాలేదంతే."

అంతలో వాకిట్లో ట్రైలరు ఆగింది. దిగినవాడు డెస్మండే. ఇప్పుడు ఆయన పాతబండ్ల సంఘానికి కార్యదర్శి.

"ఏరా సిరిల్, తాళ్ళు తెచ్చాను, దుప్పట్లు తెచ్చాను. చక్రానికి మట్టి అంటకుండా ప్రదర్శనకి తీసుకుపోదాం. ఈసారి కప్పు మనదే!"

"కప్పు నువ్వే ఉంచుకో. టీ తాగడానికి పనికొస్తుంది. నేను నడపబోతున్నాను."

"మతి పోయిందా? గాజు బీరువాలో ఉండాల్సిన బండి! పైగా కొత్తగా బిగించిన ఇంజను. మొదట్లో నెమ్మదిగా పోవాలని నీకు నేను చెప్పాలా?"

"నెమ్మదిగానే పోతాను, డెస్మండ్. ముప్ఫై ఒక్క ఏళ్ళూ నెమ్మదిగానే పోయాను. ఎక్కడిదాకా అనేది మాత్రం ఇవాళ నువ్వు చెప్పొద్దు."

డెస్మండ్ మేవిస్ వంక చూశాడు. "నువ్వైనా చెప్పు తల్లీ. ఆ గుండెతోనా?"

మేవిస్ తన మెడలోని ఉన్ని కండువా తీసి భర్త మెడకు చుట్టింది. "ఆ గుండె ఇంట్లో కూచున్నా అరుగుతుంది," అన్నది. "ఆరింటికి భోజనం, సిరిల్. చల్లారితే మళ్ళీ వేడి చెయ్యను."

సుంకపుటిల్లు కనబడగానే సిరిల్ కాలు తనంతట తానే క్లచ్చును త్రొక్కింది. చేయి తనంతట తానే గేరు తగ్గించింది. స్టీరింగు చక్రం సగం తిరిగింది. వేల సార్లు మళ్ళిన చేతులు మళ్ళక మానవు. సిరిల్ తన చేతుల మీద తానే మండిపడ్డాడు. చక్రాన్ని తిన్నగా నిలిపి, "పో!" అన్నాడు. బండి పోయింది.

ఫారింగ్డన్ దాటింది, బర్ఫర్డ్ దాటింది. రాతి గోడల నడుమ, గొఱ్ఱెల నడుమ బాట ఎక్కుతూ పోయి బ్రాడ్‌వే కొండ కొమ్మున నిలిచింది. క్రింద ఈవ్‌షామ్ లోయ పండ్లతోటలు. దూరాన సెవెర్న్ నది మెరుపు. దానికావల వేల్స్ కొండలు. బాట ప్రక్కన ప్లమ్ పళ్ళమ్మే ఆవిడ సంచి అందిస్తూ బండి చుట్టూ తిరిగింది.

"ఎంత ముద్దుగా ఉందండీ! ఎవరిదీ బండి?"

"నాది," అన్నాడు సిరిల్. అంతకు మించి పలుకడానికి ఊపిరి చాలలేదు. పలుకవలసినదీ లేదు.

సాయంకాలం బుట్టలు సర్దుకొంటూ ఆవిడ చూసేసరికి, అతడు పడమటి దిక్కుకు ముఖం పెట్టి అలాగే కూర్చొని ఉన్నాడు. బ్రేకు లాగి ఉంది. బండి మొదటి గేరులో ఉంది. తాళంచెవి అరచేతిలో ఉంది. ఊపిరి మాత్రం లేదు.

మరునాడు డెస్మండ్ మేవిస్‌ను వెంటబెట్టుకొని కొండ కొమ్ముకు వచ్చాడు. ట్రైలరు పలకలు దించబోయాడు.

"దానికి ఒక్క తాడు తగిలిందా, డెస్మండ్, నిన్నే కట్టేస్తాను ట్రైలరుకి," అన్నది మేవిస్, ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతుతో. "అది నడిచొచ్చింది. నడిచే పోతుంది."

"నడిపేదెవరు?"

"నువ్వే. మళ్ళీ ఏడు మైళ్ళకే ఆపేవు! ఇంటిదాకా పోవాలి."

డెస్మండ్ టోపీ తీసి చంకన పెట్టుకొని, స్టీరింగు చక్రం ముందు కూర్చొన్నాడు.

మేవిస్ ఎడమ తలుపు తెరిచింది. సీటు మీద కాగితపు సంచి, ఇద్దరికి సరిపోయేటన్ని ప్లమ్ పళ్ళతో, మూతి మడిచి ఉంది. అద్దం క్రింది అంచున, రవ్వంత గుజ్జయినా మిగలకుండా చప్పరించి వదిలిన ఒక్క గింజ, కొండగాలికి ఎండుతూ నిలిచి ఉంది.

విన్నవారి పగ్గాలు విన్నవారి చేతులలోనే ఉండుగాక. ఆ వెలుగురేడు వారి బాటను కడదాకా కాచుగాక.