ముందుగా పట్టిన జాగ

“జర లేవు, పళ్లాలు పెట్టుకోవాలె” అని భర్త రాజేందర్ అనగానే అనురాధ లాప్‌టాప్ మూసి, చార్జర్ వైరు చేతికి చుట్టుకుని లేచింది. పొద్దుటినుంచి ఇది మూడోసారి. తినే బల్లే ఆమె ఆఫీసు.

సిరిసిల్ల మగ్గాల సంఘానికి కొత్త డేటాబేస్ నిలబెట్టే పని ఆమెది. ఏ మగ్గం మీద ఏ రకం గుడ్డ దిగుతోందో, ఏ తాను ఎన్ని మీటర్లో, అన్నీ పట్టికలుగా అందులోకి రావాలి. ఇవాళ వాటికి సర్వర్‌లో చోటు కేటాయించాలి. పట్టికలు ఒక డిస్కులో, వాటిలో జరిగే ప్రతి మార్పూ రాసుకునే లాగ్ ఇంకో డిస్కులో. ఇద్దరినీ ఒకే గదిలో ఇరికించకూడదన్న ఆ మర్యాద ఆమెకు ఎప్పుడూ ముచ్చటగా ఉంటుంది.

ఇంటి వెనక ఒక చిన్న గది ఉంది. కోరుట్ల నుంచి కాపురానికొచ్చిన ఏడాదే అడిగింది. ఖాళీ అయినంక తీసుకో అన్నాడు రాజేందర్. ఆరేళ్లయింది. ఒక నూలు కండెల పెట్టె బయటికి పోతే రెండు లోపలికొచ్చాయి. తర్వాత పాత ఫ్రిజ్ వచ్చింది. ఆమెకు గది కాదని ఎవరూ అనలేదు. అందుకే ఎవరితో పోట్లాడాలో తెలియలేదు.

భోజనాలయ్యాక బల్ల తుడిచి మళ్లీ కూర్చుంది. పట్టికల చోటుకు నలభై జీబీ అని కొట్టి ఎంటర్ నొక్కింది. అందులో ఇంకా ఒక్క వరుసైనా లేదు. అయినా ఆ చోటు ఇంకెవరికీ పోకుండా డిస్కు మీద సున్నాలు పరుచుకుంటూ పోతున్నాయి. వీధిలో మగ్గాల టకటకకు ఆ సున్నాలే తెల్లటి గుడ్డై, మడత మీద మడతగా జారుతున్నట్టు అనిపించింది. ఆ తెలుపు చివర ఒక కిటికీ, ఒక కుర్చీ. కుర్చీలో ఎవరూ లేరు. ఎవరినీ లేవమనే గొంతూ లేదు.

“అండ్ల ఇంకా ఏం లేదు గద, గంత జాగ ఎందుకు?” భుజం మీదుగా చూస్తూ అడిగాడు రాజేందర్.

“ముందుగాల్నే పట్టి పెట్టాలె. లేకుంటె పక్కది అచ్చి నింపుతది.”

అన్నాక ఆ మాట ఆమెకే వినిపించింది.

లేచి వెనక గది తలుపు తీసింది. పెట్టెలు ఒక్కొక్కటే వరండాలోకి జరపసాగింది. ఫ్రిజ్ కదల్లేదు. అత్త వజ్రమ్మ, నలభై ఏళ్లు గడప పక్కన కూర్చుని కండెలు చుట్టిన మనిషి, వచ్చి రెండో వైపు పట్టుకుంది. ఇద్దరూ కలిసి దాన్ని బయటికి జరిపారు.

“ఏం పెడ్తవ్ బిడ్డా ఇండ్ల?”

“ఇప్పటికైతె ఏం లేదత్తమ్మా. ఖాళీగనే ఉంటది.”

వజ్రమ్మ కొంగుతో కిటికీ దుమ్ము తుడిచింది. అనురాధ కుర్చీ తెచ్చి వేసుకుంది.

వరండాలోంచి రాజేందర్ కేకేశాడు, గీ పెట్టెలన్నీ ఇప్పుడు యాడ పెట్టాలె అని.

“బల్ల ఖాళీ అయింది గద” అంది అనురాధ, లాప్‌టాప్ తెరుస్తూ. “గాడ పెట్టుకోండ్రి.”