కలిసొచ్చిన పెట్టె

బుచ్చిరాజుగారి మొదటి చెరువులో రొయ్య రెండు పంటలుగా విరగపండింది. ఆయన మాత్రం ఆ ఘనతంతా గట్టు మీది పెట్టెకే కట్టబెట్టారు. నీళ్ళలో గాలి చిలికే ఏరేటర్లను ఫోన్లోంచే తిప్పి, ఆపే పెట్టె అది.

రెండో చెరువుకీ అలాంటిదే కొన్నారు. బిగించడానికి భీమవరం నుంచి ప్రవీణ్ వచ్చాడు.

"ఇదిగో అబ్బాయ్, ఆ పెట్టె మనకి కలిసొచ్చింది. అందులో ఉన్నదంతా ఇందులోకి దింపెయ్. పొల్లు పోకూడదు," అన్నారు రాజుగారు.

"దింపుతాను గానండీ, లోపల నంబరొకటి ఉంటుందండి. ఏ పెట్టెది ఆ పెట్టెకే, ఫ్యాక్టరీలోనే వేస్తారు. అదీ ఒకటే అయితే ఏది ఏదో నెట్‌వర్కుకి తెలీదండి."

"కలిసొచ్చిన నంబరు మారుస్తానంటావేంటి? చెప్పింది చెయ్యవయ్యా."

పెద్దాయనతో వాదనెందుకని ప్రవీణ్ ఆ నంబరు కూడా దింపేసి పోయాడు. గట్టిగా కాదనడానికి నోరేమైందో మహానుభావుడికి!

మర్నాటి నుంచే తేడా మొదలైంది. ఫోన్లో ఒక చెరువు మీట నొక్కితే ఒక్కోసారి ఇంకో చెరువుది ఆగేది. సిగ్నలు బాలేదనుకుని రాజుగారు మళ్ళీ నొక్కేవారు. లోలోపల గుబులుగానే ఉండేది, ఒప్పుకోవడానికే మనసు రాలేదు.

ఆ శుక్రవారం పొద్దున్న రెండో చెరువు ఏరేటరు చక్రానికి వల తాడు చుట్టుకుని బిగుసుకుపోయింది. చెరువులు చూసే చిట్టియ్య కత్తి తీసుకున్నాడు. స్తంభం దగ్గర ఫ్యూజు పీకి మొలలో దోపుకుంటేనే గానీ నీళ్ళలో కాలు పెట్టడు, అది అతని అలవాటు.

"ఫ్యూజు పీక్కొస్తానండి."

"ఇంకా ఆ పాతకాలం పనులేంట్రా? ఫోన్లో ఆపేస్తున్నాగా. దిగు."

"ఆయ్, అలాగేనండి."

రాజుగారు మీట నొక్కారు. రెండో చెరువు ఆగిందని ఫోను చెప్పింది. బిగుసుకున్న చక్రం ఎలాగూ కదలడం లేదు. చిట్టియ్య నడుంలోతు నీళ్ళలో నిలబడి, రెక్కల మధ్యకు చెయ్యి పోనిచ్చి తాడు కోయసాగాడు.

కాసేపటికి గట్టు అవతల మొదటి చెరువు హోరు సన్నగిల్లి ఆగిపోయింది. అంతదాకా ఆ హోరులో కలిసిపోయిన మూలుగు ఒకటి ఇప్పుడు స్పష్టంగా వినపడింది. అది చిట్టియ్య పక్కనున్న మోటారుదే. రాజుగారు నొక్కిన మీట ఆలస్యంగా పోయి ఆపింది ఆ చెరువుని, దీన్ని కాదు.

"చిట్టియ్యా! చెయ్యి తియ్యరా! కొయ్యకు!"

"అయిపోయిందండీ, ఇదొక్క పోగేనండి," అంటూ చిట్టియ్య కత్తి లాగాడు.

చక్రం తిరిగింది.

చిట్టియ్య పెట్టిన కేక వింటూనే రాజుగారు పంచె ఎగ్గట్టి ఫ్యూజు స్తంభం వైపు పరిగెత్తారు. చేతిలో ఫోను మాత్రం రెండో చెరువు ఆగిందనే చెబుతోంది.