జానెడు తక్కువ

మొదటి షటిల్ జానెడు తక్కువ పడింది. ఈకల పిన్ని కళ్లజోడు పైకి తోసుకుని, వెనక గీత మీద కాళ్లు సర్దుకుని, డబ్బాలోంచి రెండోది తీసింది. ఎడమచేతి వేళ్ల మధ్య కార్కును గుండ్రంగా ఒకసారి తిప్పి, పదహారు ఈకలూ వరసలో ఉన్నాయో లేదో చూసుకుంది. రాకెట్‌ను కింది నుంచి పైకి నిండు ఊపుతో, ఎప్పుడూ కొట్టేటట్టే కొట్టింది. షటిల్ దీపాల ఎత్తుకు లేచి అవతలి కొసన దిగింది. అదీ జానెడు తక్కువే. మూడోదీ అంతే.

అవతలి వెనక గీతకు కొంచెం ఇవతలగా, మూరెడు ఎడంతో రెండు చిన్న తెల్ల గుర్తులుంటాయి. ఈ గీత మీద నుంచి కొట్టిన షటిల్ ఆ రెంటి మధ్య పడితే దాని వేగం సరైనదని లెక్క. దాటిపోతే వేగం ఎక్కువ, అందుకోకపోతే తక్కువ. వేడిగా ఉన్న హాల్లో షటిల్ ఉరకలు వేస్తుంది, చల్లగా ఉన్న హాల్లో బద్ధకిస్తుంది. అందుకే డబ్బాల మీద డెబ్భై ఆరు, డెబ్భై ఏడు, డెబ్భై ఎనిమిది అని నంబర్లు వేస్తారు. నంబరు పెరిగినకొద్దీ వేగం పెరుగుతుంది. ఏ రోజు ఏ నంబరుతో ఆడాలో తేల్చడానికి ఇంతవరకూ ఎవరూ యంత్రం తేలేదు. ఒక మనిషి చెయ్యి తేల్చాలి. ఆ హాల్లో ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆ చెయ్యి ఈకల పిన్నిది.

నిన్నటిదాకా డెబ్భై ఏడుతోనే ఆడారు. ఇవాళ అవి అందుకోవడం లేదంటే హాలు చల్లబడి ఉంటుందని ఆమె అనుకుంది. ఫైనల్ కదా, రాత్రంతా ఏసీ వేసి ఉంచుంటారు, మహానుభావులు. డెబ్భై ఎనిమిది డబ్బా విప్పింది. నాలుగు కొడితే నాలుగూ పేరు పెట్టి పిలిచినట్టు వెళ్లి గుర్తుల మధ్య కూర్చున్నాయి. అమ్మయ్య అనుకుని, కాగితం మీద నంబరు రాసి, సంతకం పెట్టి, రెండు డజన్ల డబ్బాలు ముఖ్య కోర్టు పక్కనున్న బల్ల మీద పేర్చింది. అప్పటికి ఉదయం ఎనిమిదిన్నర.

ఎనిమిది రోజులుగా ఊరి హోటళ్లన్నీ పొడుగుకాళ్ల పిల్లలతో నిండిపోయాయి. పదహారు దేశాల జట్లు వచ్చాయి. ఇది ఆడామగా కలిసి ఒకే జట్టుగా ఆడే పోటీ. పురుషుడొకరు, స్త్రీ ఒకరు విడివిడిగా ఆడే ఆటలు రెండు, మగ జంట, ఆడ జంట ఆడే ఆటలు రెండు, ఆడామగా జంటగా ఆడే మిక్స్‌డ్ డబుల్స్ ఒకటి. ఐదింటిలో మూడు గెలిచిన జట్టుకు కప్పు. పద్నాలుగు జట్లు సామాన్లు సర్దుకుని వెళ్లిపోయాయి. మిగిలినవి ఆతిథ్య జట్టు ఒకటి, సముద్రం అవతలి నుంచి వచ్చిన జట్టు ఒకటి.

ఈకల పిన్ని కూడా ఒకప్పుడు ఇలాంటి జట్టులో ఉండేది. ఉండేదంటే ఉండేది, అంతే. ఐదు ఆటలకు పిలవాల్సిన వాళ్లందరినీ పిలిచాక మిగిలే పేరు ఆమెది. మిక్స్‌డ్ డబుల్స్ అమ్మాయికి జ్వరం వస్తే ఆడాలి. ఆ అమ్మాయి ఇనుప గుండు, నాలుగేళ్లలో ఒక్కనాడు తుమ్మలేదు. పిన్ని బెంచీ మీద కూర్చుని అందరి సీసాల్లో నీళ్లు నింపి, అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టేది. ఆడితే బ్రహ్మాండం బద్దలయ్యేదని కాదు. ఆమె ఆటలో మెరుపు లేదు. కొట్టిందే కొట్టేది, కొట్టినచోటికే కొట్టేది.

ఆ మాట తిట్టుగానే అన్నాడు కోచ్ ఒకనాడు. "ఏం మనిషివమ్మా నువ్వు? వంద కొడితే వందా ఒక్కచోటే పడతాయి. ఎదుటివాడు కుర్చీ వేసుక్కూర్చుంటాడు!" అని, ఏదో తట్టినట్టు ఆగిపోయాడు. అప్పుడే ఒక టోర్నమెంటుకు షటిళ్లు పరీక్షించే మనిషి రాలేదు. ఈ పిల్లను తీసుకెళ్లి గీత మీద నిలబెట్టాడు. ఆ తరవాత బెంచీ మీద ఆమె ఎప్పుడూ కూర్చోలేదు. ఆ కోచ్ పోయి పద్దెనిమిదేళ్లయింది. ఇప్పటికీ మొదటి షటిల్ చేతిలోకి తీసుకునేటప్పుడు ఆమె మనసులో ఆయనకొక నమస్కారం పెట్టుకుంటుంది. లోకంలో ఎవరికీ పనికిరాని గుణాన్ని పనికొచ్చే చోట పెట్టిన మనిషి ఆయన. ఇంతకన్నా ఒకరు ఇంకొకరికి ఏం చేస్తారు?

పదకొండు గంటలకు ఆటగాళ్లు ఒళ్లు వేడెక్కించుకోవడానికి వచ్చారు. పిన్ని బల్ల పక్కన తన కుర్చీలో కూర్చుని టీ తాగుతోంది. ఆతిథ్య జట్టు మిక్స్‌డ్ డబుల్స్ కుర్రాడు, అందరూ నిచ్చెన అని పిలిచే ఆరడుగుల పైవాడు, అవతలి వెనక గీత వైపు ఎత్తి కొట్టాడు. గీత దాటింది. మళ్లీ కొట్టాడు. మళ్లీ దాటింది. అవతలి జట్టు అమ్మాయి కొట్టినదీ బయటే పడింది. పై మెట్ల మీద కూర్చున్నవాళ్లలో ఒకరు, "ఫైనల్ కంగారు" అన్నారు.

పిన్ని టీ గ్లాసు కింద పెట్టింది. పై మెట్ల మీద జనం చేతుల్లో ఉన్న కాగితాలతో విసురుకుంటున్నారు. ఆమె జాకెట్టు వీపున చెమటకు తడిసి ఉంది. పొద్దున ఎనిమిదింటికి కూడా తడిసే ఉందని ఇప్పుడు గుర్తుకొచ్చింది. హాలు చల్లగా లేదు. పొద్దునా చల్లగా లేదు.

షటిల్‌ను అనుమానించింది, హాలును అనుమానించింది, పాపం ఆ ఏసీ మనిషిని కూడా అనుమానించింది. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆ హాల్లో ఆమె అనుమానించని వస్తువు ఒక్కటే, తన కుడిచెయ్యి.

ఒక్కొక్కటే గుర్తుకు రాసాగాయి. నాలుగు నెలలుగా జడ వేసుకునేటప్పుడు చెయ్యి సగం దాకా లేచి ఆగిపోతోంది. వయసు అనుకుంది. వంటింట్లో పై అరలో ఉండే పప్పుల డబ్బాలు ఒకరోజు కింది అరలోకి దిగివచ్చాయి. "ఇవెవరు దింపారండీ?" అంటే బస్సు డిపోలో మెకానిక్కుగా చేసి రిటైరైన ఆమె భర్త, "పైన బూజు పట్టింది, దులుపుదామని దింపా" అన్నాడు. ఆయన బూజు దులపనూ లేదు, డబ్బాలు పైకి ఎక్కించనూ లేదు. ఆవిడకు తెలియకముందే ఆయనకు తెలిసింది. తెలిసి, నోరు మెదపకుండా డబ్బాలు దించాడు. ఎంత మంచివాడు, ఎంత మొద్దు అనుకుంది పిన్ని. ఎవరు మొద్దో ఆమెకే తెలియాలి.

గోడ మీద గడియారం పదకొండున్నర చూపిస్తోంది. ఆట రెండింటికి. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఆటగాళ్లు నాలుగు కొట్టి చెయ్యి సవరించుకుంటారు, ఇద్దరికీ ఒకటే షటిల్ కాబట్టి అన్యాయమూ లేదని సర్దిచెప్పుకోవచ్చు. చెప్తే మాత్రం చెయ్యి చెడిందని చెప్పినట్టే. చెడిన చేత్తో షటిల్ పరీక్షించనివ్వరు. ఈ హాలూ, ఈ కుర్చీ, డబ్బా మూత తియ్యగానే వచ్చే ఈకల వాసనా, పొద్దున్నే తలుపు తీసి "రా పిన్నీ" అనే వాచ్‌మన్ గొంతూ అన్నీ ఇవాళ్టితో సరి. ఆమెకున్నది ఈ ఒక్క పని. ఇంకోటి రాదు.

ఐదు నిమిషాలు కూర్చుంది. ఆ ఐదు నిమిషాలకు తరవాత ఆమె చాలా సిగ్గుపడింది.

రెఫరీ గదిలో ఫ్యాను తిరుగుతోంది. ఆయన ఆటగాడిగా ఉన్న రోజుల నుంచి ఆమెను ఎరుగును. సగం తిన్న రొట్టె పక్కన పెట్టి, "రండి పిన్నీ, కూర్చోండి" అన్నాడు.

"కూర్చోను సార్. పొద్దున నేనిచ్చిన నంబరు తప్పు. డెబ్భై ఎనిమిది కాదు, డెబ్భై ఏడే."

"హాలు వేడెక్కిందా?"

"హాలు ఎప్పట్లాగే ఉంది. ఎనిమిది రోజులు కొట్టేసరికి నా చెయ్యే తగ్గింది."

రెఫరీ ఒక క్షణం ఆమె మొహంలోకి చూశాడు. "ఎవరైనా ఏమన్నా అన్నారా?"

"ఎవరూ అన్లేదు. ఎవరికీ తెలీదు కూడా. నేనే చూశా."

"మరి మళ్లీ ఒకసారి మీరే కొట్టి చూడకూడదూ?"

"నేను కొడితే మళ్లీ అదే అబద్ధం చెప్తుంది సార్ నా చెయ్యి. రెండు జట్ల నుంచీ ఒక్కొక్కర్ని పిలిపించండి. ఇవాళ ఆడని వాళ్లయితే మంచిది. వాళ్లకేమీ తొందరుండదు."

చివరి మాట అంటున్నప్పుడు ఆమెకు నవ్వు వచ్చింది. ఆడనివాళ్ల సంగతి ఆమెకు తెలిసినంతగా ఎవరికి తెలుసు?

ఆతిథ్య జట్టు బెంచీ నుంచి మోకాలికి పట్టీ కట్టుకున్న ఒకామె వచ్చింది. ముప్ఫై దాటినామె. అవతలి జట్టు నుంచి ఒక బట్టతల మనిషి వచ్చాడు. భాష ఒకరిది ఒకరికి రాదు. పిన్ని గీత చూపించి, రాకెట్ కింది నుంచి పైకి ఊపి చూపించింది. ఇద్దరూ బుద్ధిమంతుల్లా తలూపారు. డెబ్భై ఎనిమిది కొట్టారు. గుర్తు దాటి జానెడు అవతల పడింది, ఇద్దరిదీ. డెబ్భై ఏడు కొట్టారు. గుర్తుల మధ్య పడింది, ఇద్దరిదీ.

తన చెయ్యి పోయిందని రెండు జతల కళ్ల ముందు రుజువైనప్పుడు ఏడుపు వస్తుందేమోనని ఆమె కొంగు సిద్ధంగా పట్టుకుంది. రాలేదు. ఆ షటిల్ చక్కగా, సరిగ్గా పడాల్సినచోట దిగడం చూస్తే ఎప్పటిలాగే హాయిగా అనిపించింది. ఎవరు కొడితేనేం? ఆమె కొంగు వదిలేసి బల్ల దగ్గరికి వెళ్లి, ఎడమచేత్తో ఇరవై నాలుగు డబ్బాలూ ఒక్కొక్కటే మార్చింది. రెఫరీ పక్కన నిలబడి చూశాడు. సాయం చెయ్యబోయి, ఆమె మొహం చూసి మానుకున్నాడు.

"వచ్చే టోర్నమెంటుకి..." అన్నాడాయన.

"వచ్చేదానికి ఇంకెవర్నైనా చూసుకోండి సార్. నాకు మీరంతా ఇన్నాళ్లు ఇచ్చారు, చాలు. నిజంగా చాలు."

ఆట రెండింటికి మొదలై ఏడింటి దాకా సాగింది. ఎండ కిటికీల మీద నుంచి జారిపోయింది. మొదటి ఆట అవతలి జట్టుది, రెండోది ఆతిథ్య జట్టుది, మూడోది మళ్లీ వాళ్లది, నాలుగోది మళ్లీ వీళ్లది. చెరి రెండు. చివరిది మిక్స్‌డ్ డబుల్స్, అందులోనూ మూడో గేము. అరిచి అరిచి జనం గొంతులు పోయాయి. పిన్ని ఒక్కో షటిల్ అంపైరు అడిగినప్పుడల్లా ఎడమచేత్తో అందిస్తోంది. ఇరవై ఒకటి చేసినవాళ్లది గెలుపు. ఇరవై పంతొమ్మిది, అవతలి జట్టు ముందుంది.

అవతలి అమ్మాయి వెనక గీత దాకా ఎత్తి కొట్టింది. షటిల్ నిచ్చెన తల మీదుగా వెళుతోంది. వాడు రెండడుగులు వెనక్కు వేసి, రాకెట్ ఎత్తి, చివరి క్షణంలో దించేశాడు. బయటికి పోతుందనుకున్నాడు. షటిల్ తిన్నగా దిగి వెనక గీత మీద పడింది. గీత దగ్గర కూర్చున్న మనిషి చెయ్యి ముందుకు చాచాడు. లోపలే.

ఆ హాల్లో వేలమందిలో పిన్నికి ఒక్కదానికే ఆ జానెడు లెక్క తెలుసు. డెబ్భై ఎనిమిది అయితే జానెడు బయట పడేది. తను పొద్దున నోరు మూసుకుని టీ తాగి ఉంటే, చెరి ఇరవై అయ్యేది. అప్పుడు ఏమయ్యేదో ఎవరు చెప్పగలరు? సముద్రం అవతలి పిల్లలు కోర్టు మధ్యకు పరిగెత్తుకొచ్చి ఒకరి మీద ఒకరు పడ్డారు. మన జనం మెట్ల మీద తలలు పట్టుకుని కూర్చున్నారు. మోకాలి పట్టీ ఆమె బెంచీ దగ్గర నిలబడి అందరి సీసాలూ ఏరుతోంది.

నిచ్చెన చేతులు కలిపే తంతు ముగించుకుని నేరుగా బల్ల దగ్గరికి వచ్చాడు. వాడి మొహం మీద చెమట ఏదో, కన్నీళ్లు ఏవో తెలియడం లేదు.

"పిన్నీ, షటిల్ సరిగ్గానే ఉందా?"

వాడి గొంతులో నింద లేదు. పరీక్ష తప్పిన పిల్లవాడు ఒకసారి కాగితం చూపించమన్నట్టు అడిగాడు.

"సరిగ్గా ఉంది నాన్నా" అంది పిన్ని.

వాడు ఆమె కళ్లలోకి చూశాడు. తరవాత పెద్దగా ఊపిరి వదిలాడు. "అయితే సరే. వాళ్లు బాగా కొట్టారు. నేనే వదిలేశా" అన్నాడు. ఆమె భుజం మీద, నొప్పి ఉన్న భుజం మీదే, చెయ్యి వేసి మెల్లగా నొక్కి, తన వాళ్ల దగ్గరికి వెళ్లిపోయాడు.

ఆ కుర్రాడు ఇవాళ పడుకుని కప్పు గురించి ఏడుస్తాడు కాని, మోసం గురించి ఏడవడు. షటిల్ సరిగ్గా ఉందన్న మాట తన నోట అబద్ధం లేకుండా రాగలిగినందుకు పిన్నికి కళ్లు నిండిపోయాయి. కోచ్‌కు, డబ్బాలు దించిన మొగుడికి, ముప్ఫై ఒక్క ఏళ్లు నిజమే చెప్పి ఒక్క పొద్దునే తడబడిన తన కుడిచేతికి, అందరికీ కలిపి మనసులో దండం పెట్టుకుంది. మెడలోని పాసు తీసి రెఫరీ చేతిలో పెట్టింది. ఆయన దాన్ని రెండు చేతులా అందుకున్నాడు.

తలుపు దగ్గర ఆమె భర్త నిలబడి ఉన్నాడు.

"అయిపోయిందా?"

"అయిపోయింది."

"చెయ్యి నొప్పిగా ఉందా?"

"ఉందండీ. చాలా రోజుల్నుంచే ఉంది" అంది. ఆ మాట బయటికి అనడం అదే మొదటిసారి. ఆయన ఆమె సంచి అందుకున్నాడు.

గడప దాటబోతూ ఆమె ఒకసారి వెనక్కు తిరిగి చూసింది. జనం పలచబడ్డారు, దీపాలు ఒక వరస ఆర్పేశారు. ఎవరూ తియ్యని ఆ ఆఖరి షటిల్, ఒక ఈక విరిగి, తెల్ల గీత మీద ఒరిగి పడుకుని ఉంది.