మీట మీద నల్ల టేపు

నేను ఒక చిన్న లెన్సుని. మొదటిసారి కెమెరా కొనేవాళ్ళకి దాంతో కలిపి ఇచ్చేస్తారే, ఆ రకం. నన్ను విడిగా అడిగి కొన్నవాడు లేడు, కాబట్టి నా విలువ తెలిసినవాడూ లేడు. నా లోపల ఒక గాజుబిళ్ళ కదులుతూ ఉంటుంది. పట్టుకున్న చెయ్యి ఇటు వణికితే అది అటు జరుగుతుంది, బొమ్మ చెదరదు. నేను అమ్మే సరుకు అదే.

మండపేటలో ఫోటో స్టూడియో నడిపే తాతబ్బాయి గారు నన్ను కొన్న వారంలోనే ఆ సరుకుకి తాళం వేశారు. ఆయన స్టాండు లేకుండా ఫోటో తీసే మనిషి కాదు. కదలని స్టాండు మీద నా గాజుబిళ్ళ లేని వణుకుని వెతుక్కుని, తానే బొమ్మ చెడగొట్టింది. తప్పు నాదే, ఒప్పుకుంటాను. ఆయన ఆ గాజుబిళ్ళని కదిలించే నా పక్క మీట ఆపేసి, మళ్ళీ కదలకుండా దాని మీద నల్ల టేపు అంటించారు. ఎనిమిదేళ్ళు, కొట్టు మూసుకున్న వ్యాపారిలా కూర్చున్నాను.

ఈలోగా ఆయన చేతులకి వణుకొచ్చింది. స్టాండు చాటున ఎవరికీ తెలియలేదు. సూరాయమ్మ గారి మనవడి అన్నప్రాశన రోజున చిక్కొచ్చిపడింది. పిల్లాడు పాకుతూ వెళ్ళి ముందు ఏది ముట్టుకుంటాడో ఆ ఫోటో కావాలి. ఫ్లాష్ వేస్తే ఏడుస్తాడు.

"తాతబ్బాయి గారూ, మీరు ఆ మూడు కాళ్ళదాన్ని జరిపేలోపు మావాడు బడికెళ్ళిపోతాడు. చేత్తో తియ్యండి," అన్నారు సూరాయమ్మ గారు.

ఆయన మొహం పాలిపోయింది. "ఇది చెదిరిందంటే రేపే స్టూడియో బోర్డు దింపేస్తానే," అన్నారు భార్య వెంకాయమ్మ గారితో మెల్లగా.

వెంకాయమ్మ గారు నన్ను తిప్పి చూశారు. "ఈ టేపేంటండీ?"

"దాన్ని కదపకు!"

"చేతి వణుకు ఆపే మీట అని కొన్న రోజు వీధంతా చెప్పుకొచ్చారుగా! ఇప్పుడు కాకపోతే ఇంకెప్పటికి?" గోటితో టేపు పీకి, మీట నెట్టేశారు.

ఆయన కెమెరాని స్టాండు మీంచి తీసి, చేత్తో పట్టుకుని నేల మీద చతికిలబడ్డారు. చెయ్యి కుడికి, నేను ఎడమకి. చెయ్యి కిందికి, నేను పైకి. పిల్లాడి కదలికని ఆపడం మాత్రం నా వల్ల కాదు, అది వాడి దయ. వాడు పుస్తకం దాటాడు, బంగారు గొలుసు దాటాడు, పక్కనున్న పరమాన్నం గిన్నెలో చెయ్యి ముంచి నోట్లో పెట్టుకుని, ఆ రుచికి అలాగే ఉండిపోయాడు.

క్లిక్.

"ఇంకేం, ఇంట్లో వంటవాడు పుట్టాడర్రా!" అని సూరాయమ్మ గారు నవ్వారు. ఫోటోలో పిల్లాడి పెదవికి అంటిన మెతుకు కూడా స్పష్టంగా కనబడుతోంది. తాతబ్బాయి గారు ఒకసారి తన చేతుల్ని, ఒకసారి నన్ను చూసుకున్నారు.

బోర్డు దిగలేదు. ఇప్పుడు కెమెరా స్టాండెక్కితే "ఆపండి", చేతికొస్తే "వెయ్యండి" అని వెనకనుంచి వెంకాయమ్మ గారి కేక. నా ఎనిమిదేళ్ళ నష్టం ఒక్క మెతుకుతో పూడిపోయింది. చేతులు వణికే ఈ ఇంట్లో నాకు రోజూ గిరాకీయే.