పూతరేకుల షెడ్డు నుంచి అత్తగారి గదికి

నేను ఒక రాగి తీగను. ఒక తీగ అనడం కూడా సరికాదు. జంటజంటగా మెలేసుకున్న ఎనిమిది సన్నని తీగలకు నీలిరంగు తొడుగు వేస్తే నేనయ్యాను. ఫ్యాక్టరీలో పుట్టి, చుట్టగా రాజమండ్రిలోని ఒక కొట్టు చేరాను. నా పక్కనే చవక చుట్ట ఒకటుండేది. పైన రాగి పూత, లోపల అల్యూమినియం. మనుషులు దాన్నే ముచ్చటపడి కొనేవారు. ఎలక్ట్రీషియన్ ఇస్మాయిల్ మాత్రం కత్తితో నా కొస గీకి, లోపలిదాకా ఎర్రగా ఉందని చూసుకుని, నన్ను ఆత్రేయపురం తీసుకెళ్ళాడు.

అక్కడ అచ్చియ్యమ్మ నలభై ఏళ్ళు పూతరేకులు తీసింది. తుంటి విరిగి వీధి గదిలో మంచం పట్టింది. గొంతు మాత్రం పట్టలేదు. పెరటి షెడ్డులో కోడలు మంగాదేవి బోర్లించిన వేడి కుండ మీద పిండిలో ముంచిన గుడ్డ పరిస్తే, రేకులు చిరగడమో మాడడమో. ఒక పెళ్ళివారికి రెండు వేల రేకులు ఒప్పుకున్నారు. పదిరోజులే గడువు.

అత్తగారు మంచం మీంచే చూసి చెప్పేలా ఇస్మాయిల్ అప్పటికే షెడ్డులో వైఫై కెమెరా పెట్టి చూశాడు. ఆమె గది టీవీలో బొమ్మ రెండు క్షణాలు వెనకబడేది. అత్తగారు "తియ్యవే!" అని అరిచేసరికి రేకు నల్లబడేది. లావుపాటి టీవీ కేబులేమో గోడలోని పాత గొట్టం మలుపులు తిరగలేదు.

"ఇంత సన్నంగా ఉంది, ఇది మోత్తదా బొమ్మని?" అంది మంగాదేవి, నన్ను చూసి.

"మెలేసుకున్న తీగలమ్మా ఇయ్యి. మీ పిండి గ్రైండరు మోటారు రొద జంటలో రెంటిమీదా ఒకేలా పడద్ది. అవతల టీవీ కాడుండే పెట్టె ఆ రెంటికీ ఉన్న తేడానే చూత్తది. రొద పోద్ది, బొమ్మ మిగులుద్ది."

అలా నేను గోడలోకి దూరాను. షెడ్డులో మంగాదేవి చెయ్యి కదిలితే, ఆ క్షణానే వీధి గది టీవీలో కదిలేది. అరుపులు వెంటవెంటనే వచ్చాయి. "గుడ్డ బిగువుగా పట్టవే! పిండి చిక్కనైంది!" మూడోరోజు మంగాదేవి కెమెరా మీద తువ్వాలు కప్పి, కళ్ళు తుడుచుకుంటూ ఇస్మాయిల్‌కి ఫోన్ చేసింది.

"ఆవిడ నన్ను చూత్తంది. నేను ఆవిణ్ణి చూడొద్దేంటండీ?"

అతను వీధి గదిలోనూ ఒక కెమెరా పెట్టి, నా చుట్టలో మిగిలిన ముక్కను అక్కణ్ణించి షెడ్డుకి లాగాడు. ఇప్పుడు మంచం మీద అత్తగారు షెడ్డులోని చిన్న టీవీలో కనిపించింది. మంగాదేవి కోపంగానే చూసింది. దుప్పటి మీద అచ్చియ్యమ్మ కుడిచెయ్యి ఆడుతోంది. కోడలు గుడ్డ పరిచినప్పుడల్లా తనూ పరుస్తోంది; లేని రేకును వేలికొసలతో లేపుతోంది. లేపిన ప్రతిసారీ నొప్పికి పళ్ళు బిగిస్తోంది.

మంగాదేవి తువ్వాలు తీసేసింది. ఆనాటినుంచి అరుపుకోసం ఆగలేదు, ఆ చెయ్యి చూసి తీసింది. రేకులు నిలిచాయి.

తొమ్మిదోరోజు మధ్యాహ్నం, కుండ మీద రేకు ఉండగా ఆ చెయ్యి ఆగిపోయింది. మంగాదేవి "అత్తయ్యా!" అంటూ సగం లేచి, టీవీలోకి తొంగిచూసింది. అచ్చియ్యమ్మ నోరు తెరుచుకుని హాయిగా గురకపెడుతోంది. కోడలు పొయ్యి దగ్గరుండగా ఆమె నిద్రపోవడం అదే మొదటిసారి.

మంగాదేవి చప్పున రేకు తీసింది. ఎక్కడా చిరగలేదు. సాయానికొచ్చి రేకుల పెట్టెలు సర్దుతున్న ఇస్మాయిల్ అడిగాడు: "పడుకున్నారుగా, ఆ టీవీ ఆపెయ్యనా అమ్మా?"

"ఉండనివ్వండి," అంది మంగాదేవి, గుడ్డను పిండిలో ముంచుతూ. "ఆవిడ పడుకోనీ. నేను చూత్తంటాను."