జీడిగుర్తు

1978 వేసవి. నెక్కొండ పక్క ఊళ్ళో చాకలివాళ్ళు దొర బట్టలు ముట్టమని తెగేసి చెప్పారు. అందుకే దొర మనిషి కొమురెల్లి మూట మోసుకుని వరంగల్ వచ్చాడు. రంగశాయిపేటలో చాకలి భద్రమ్మ ఉతికే బండ ముందు పడేశాడు.

“జల్ది కానియ్యి. పొద్దుగూకకముందే దొర జీపొస్తది. గీ దుప్పటి మీద మరక జాడ గూడ ఉండొద్దు. దొరసాని మనసుపడ్డది, పరుపు మీద ఏసుకుంటదట.”

తెల్లటి నూలు దుప్పటి. అంచు పొడుగునా ఎర్రదారంతో కుట్టిన దానిమ్మ పూలు. నడుమ గోధుమరంగు మరక, అట్టకట్టి ఉంది.

“ఏం మరకన్నా?”

“పాన్ ఉమ్మిండ్రు. నీకెందుకే?”

భద్రమ్మ మూల తిప్పి చూసింది. ఏ ఇంటి బట్టకు ఆ ఇంటి గుర్తు నల్లజీడి గింజ రసంతో పెట్టడం ఆమె పద్ధతి. బట్ట చినిగినా ఆ నలుపు పోదు. ఈ మూలన ఒక సున్న, పక్కన మూడు గీతలు. బీడీలు చుట్టే ఫాతిమా బేగం ఇంటి గుర్తు. పెట్టింది తనే.

ఫాతిమా కొడుకు జమాల్ కూలీల సంఘం మనిషి. చలికాలంలో కూలి రేట్ల మీటింగు పెట్టడానికి ఆ దొర ఊళ్ళోకే పోయాడు, తల్లి కుట్టిన దుప్పటి చంకన పెట్టుకుని. మళ్ళీ రాలేదు. కాజీపేటలో రైలెక్కి పారిపోయాడన్నాడు దొర. పోలీసులు సరేనన్నారు. తల్లి నమ్మలేదు.

నెత్తుటి మరక చన్నీళ్ళకు, ఉప్పుకు కదులుతుంది. ఉడికిస్తే నూలును కరిచి పట్టుకుంటుంది, ఇక వదలదు. భద్రమ్మ చెయ్యి ఉప్పు డబ్బా మీద ఆగింది.

“గట్ల చూస్తవేందే? సోడా దండిగ ఏసి ఉడకబెట్టు,” అన్నాడు కొమురెల్లి.

“ఉడకబెట్టుమంటవా?”

“తెలుగుల్నే చెప్తున్న గదా.”

“మంచిదన్నా. నువ్వు చెప్పినట్టే.”

అతను కల్లు దుకాణానికి నడిచాడు. ఆమె ఉప్పు డబ్బా మూసి, బాన కింద మంట పెట్టింది.

అతను తిరిగొచ్చేసరికి దుప్పటి బాట పక్క తీగ మీద ఆరుతోంది. మరక ముదిరి నల్లబడింది. గుర్తున్న మూల బాట వైపుకుంది. బీడీలు అప్పజెప్పి ఇళ్ళకు పోయే ఆడవాళ్ళ బాట అది. వాళ్ళంతా చాటలు చంకన పెట్టుకుని నిలబడ్డారు. ముందు ఫాతిమా బేగం, వేలు ఆ గుర్తు మీద.

“దుప్పటి దొరికింది కొమురెల్లీ,” అంది మెల్లగా. “పోరడేడి?”

“జరుగుండ్రి.”

ఎవరూ జరగలేదు. అతను భద్రమ్మ వైపు తిరిగాడు. “మరక పోలేదేందే?”

“ఇగ పోదు. నువ్వే ఉడకబెట్టిచ్చినవు.”

మలుపులో జీపు హారన్ మోగింది. ఆడవాళ్ళు దగ్గరగా జరిగారు. దుప్పటి ఒక కొస ఫాతిమా పట్టుకుంది, రెండో కొస భద్రమ్మ. జీపు వాళ్ళ ముందే ఆగింది. ఇంజన్ మాత్రం ఆపలేదు.