ఊపిరి కుదుటపడేదాకా

గ్లెనిస్ ఎడమచేత్తో సిరిల్ గడ్డం పైకెత్తి, గొంతు మీది నురగను కత్తితో మెల్లగా తీసింది. పొట్టి వేళ్ల వెడల్పాటి చేతులు ఆమెవి. సబ్బునీళ్లలో నాని నాని కణుపులు ఎర్రబడి, చర్మం గరుకెక్కింది. చదువు మానేసి బర్న్‌లీ ఊళ్లో కర్టెన్ల మిల్లులో చేరినప్పుడు మిషను నడిపిన చేతులే అవి. మిల్లు మూతపడ్డాక ముసలివాళ్ల ఇళ్లకు తిరిగి స్నానాలు చేయించడం, మందులివ్వడం అలవాటు చేసుకున్నాయి.

“కోర్టు ఇవాళే కదూ?” అన్నాడు సిరిల్.

“కదలకండి, తెగుతుంది.”

“నిన్ను జైల్లో వేస్తే రేపు నా టీ ఎవరు పెడతారు?”

“మా ఆయన్ని పంపిస్తా. ఆ టీ ఒక్కసారి తాగితే మీరే వచ్చి నన్ను విడిపించుకుంటారు.”

సిరిల్ నవ్వాడు, నవ్వు దగ్గులోకి తిరిగింది. దగ్గు ఆగేదాకా ఆమె అతని వీపు మీద చెయ్యి వేసి నిలబడింది.

“ఆ డబ్బు నేనిస్తానంటే వినవు. కూలబడింది నేను గదా,” అన్నాడు అతను కళ్లు తుడుచుకుంటూ.

“ఆ మాట మళ్లీ అన్నారంటే టోస్టు మాడ్చిపెడతా.”

కూలబడింది నిజమే. ఆకులు రాలే కాలంలో సిరిల్‌ని మందుల షాపుకు తీసుకెళ్లి, షాపుల వెనక ఒక ప్రైవేటు కంపెనీ నడిపే పార్కింగు స్థలంలో కారు నిలిపింది. అక్కడ కార్లను కొంతసేపే ఉంచనిస్తారు. తిరిగొచ్చి కార్లో కూర్చున్నాక అతనికి ఊపిరి అందలేదు. బెల్టు విప్పి, అద్దం దించి, పీల్చే మందు నోటికి పెట్టి, పెదాలకు రంగు తిరిగి వచ్చేదాకా ఆమె ఇంజను స్టార్టు చేయలేదు. గేటు దగ్గరి కెమెరాకు ఇవన్నీ కనపడవు. కొన్నాళ్లకు అచ్చం పోలీసు జరిమానాలా కనిపించే బిల్లు వచ్చింది. డాక్టరు రాసిచ్చిన కాగితం జతచేసి పంపితే, గడువు మించారు కాబట్టి కట్టాల్సిందే అన్నారు. పై అప్పీలులోనూ అదే మాట. ఆ తర్వాత వసూళ్లవాళ్లు ఎర్రక్షరాలతో రాశారు: కట్టకపోతే మీ క్రెడిట్ రేటింగ్ దెబ్బతినవచ్చు.

ఆ మాటకు గ్లెనిస్ భర్త బార్నబీ బెంబేలెత్తాడు. ఇళ్ల కప్పులు వేసే మనిషి, నడుం అరిగిపోయింది. పెళ్లయినప్పటి నుంచి అద్దెకుంటున్న ఇంటిని ఇన్నాళ్లకు కొనుక్కుందామని బ్యాంకు లోనుకు అర్జీ పెట్టుకున్నారు.

“కట్టేసి వదిలించుకోవే. మన పేరు పాడైతే బ్యాంకువాడు మన మొహం చూడడు.”

ఆమె లైబ్రరీలో ఉచితంగా సలహా చెప్పే పెద్దావిడను అడిగి వచ్చింది. ఆ ఉత్తరాలు ఎన్నొచ్చినా రేటింగుకు ఏమీ కాదట. కోర్టు కట్టమని తీర్పిచ్చి, నెలలోపు కట్టకపోతేనే మచ్చ పడుతుందట.

బార్నబీ ఊపిరి పీల్చుకున్నాడు. “అయితే ఇప్పుడే కట్టేస్తే పోలా? ఆ కోర్టు గోలెందుకు?”

“ఆయన ఇల్లు కదలడం లేదు, బార్నబీ,” అంది గ్లెనిస్.

నిజంగానే, బిల్లు వచ్చిందని తెలిసిన రోజు నుంచి సిరిల్ గడప దాటలేదు. ‘నా వల్ల నీకు ఇంకా కష్టాలెందుకులే’ అని కుర్చీకి అతుక్కుపోయాడు. తను కడితే అతను చేసింది తప్పేనని ఒప్పుకున్నట్టవుతుంది.

ఆమె కట్టకపోయేసరికి కంపెనీ దావా వేసింది. ఆ రోజు సిరిల్ పని ముగించి, కోర్టుకు నీలం యూనిఫాంలోనే వెళ్లింది. ఇస్త్రీ మాత్రం రెండోసారి చేసింది. చిన్న గది, జలుబుతో ముక్కు ఎర్రబడ్డ జడ్జి, ఎదురుగా కంపెనీ తరఫు లాయరు. మర్యాదస్తుడే.

“కారు అక్కడే ఉందని ఒప్పుకుంటారా?”

“ఉందండి. ఊపిరాడని మనిషితో రోడ్డెక్కలేదు.”

“గడువు దాటిందని మీకు తెలుసా?”

“గడియారం చూడలేదండి. ఆయన పెదాలు చూస్తున్నాను.”

జడ్జి తలెత్తింది. “ఆయన్ని సాక్ష్యానికి తీసుకురాలేదేం?”

“నేనే అడగలేదండి. ఊపిరి పీల్చుకున్నందుకు ఆయన ఎవరికీ సంజాయిషీ చెప్పుకోవడం నాకిష్టం లేదు.”

జడ్జి డాక్టరు కాగితాన్ని మళ్లీ చదివింది. “బండి నిలుపుకోవడం వేరు, కదపలేక ఆగిపోవడం వేరు. మీరు చేయాల్సిందే చేశారు. దావా కొట్టేస్తున్నాను.”

నడవాలోకి వచ్చాక గ్లెనిస్ బెంచీ మీద కూర్చుంది. మిల్లులో ‘త్వరగా’ అనేవారు, ఇళ్లలో ‘ఆలస్యమైంది’ అనేవారు. చేయాల్సిందే చేశావని నలుగురి ముందు ఒకరు అనడం ఆమె జీవితంలో ఇదే మొదలు. కప్పు మీదున్న బార్నబీకి ఫోన్ చేస్తే, “మా ఆవిడ గెలిచిందిరా,” అని తోటివాళ్లకు అరిచి చెప్పడం వినపడింది.

తర్వాత సిరిల్‌కు చేసింది.

“అంటే, నాది తప్పు కాదన్నారా?”

“కాదన్నారు. జడ్జిగారే అన్నారు.”

“అయితే సాయంత్రం నన్ను కాలవగట్టుకు తీసుకెళ్లు. చేపలూ చిప్సూ నేనే కొంటా. అడ్డు చెప్పకు.”

“చెప్పను లెండి.”

మిగతా ఇళ్లు ముగించుకుని ఆమె సిరిల్ ఇంటి తలుపు తీసేసరికి, వీధి వెలుతురు హాల్లోకి పొడుగ్గా పడింది. గుమ్మానికి దగ్గరగా లాక్కున్న కుర్చీలో సిరిల్ కూర్చుని ఉన్నాడు. మెడకు టై, తడిపి దువ్విన జుట్టు, పైదాకా గుండీలు పెట్టుకున్న ఓవర్‌కోటు. తల గోడకు ఆని ఉంది. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. ముఖంలో ఎక్కడా పెనుగులాడిన గుర్తు లేదు.

“వచ్చాను, సిరిల్ గారూ,” అంది నెమ్మదిగా.

డాక్టరుకు ఫోన్ చేసింది, లీడ్స్‌లోని అతని మేనకోడలికి చేసింది. కోటు కాలరు సరిచేసి, వాళ్లు వచ్చేదాకా మెట్టు మీద కూర్చుంది. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు. అయినా తల దించుకోవాలనిపించలేదు. ఎవరికీ ఏమీ బాకీ లేని మనిషిలా ఆయన బయటికి బయలుదేరాడు.

ఒక కాలికి బూటు తొడుక్కున్నాడు. రెండోది పక్కనే పరిచిన పేపరు మీద, నల్లగా నిగనిగలాడుతూ, పాదం సులువుగా దూరేలా లేసులు బాగా వదులు చేసి ఉంది.